పెన్ హిల్స్ వెంకన్న నుంచి జిమ్మీ స్టూవర్ట్ ఊరికి

పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం అయ్యాక మాకు ఒక రోజు మిగిలింది. అక్కడి నుంచి కారులో గంట దారిలో ఇండియానా అనే చిన్న ఊరుంది. పేరు చూసి ఆ రాష్ట్రం అనుకునేరు, ఈ ఊరు పెన్సిల్వేనియాలోదే. హాలీవుడ్ నటుడు జేమ్స్ (జిమ్మీ) స్టూవర్ట్ 1908లో అక్కడే పుట్టాడు.

కోర్టు ముందు ఆయన కంచు విగ్రహం ఉంది. 1983లో ఆయన 75వ పుట్టినరోజుకి ఆవిష్కరణ పెట్టుకున్నారు, ఆయనా వచ్చాడు. తీరా చూస్తే కంచుది తయారు కాలేదు! ఫైబర్‌గ్లాస్ బొమ్మతో పని కానిచ్చేశారు. ఆ బొమ్మ ఇప్పుడు లైబ్రరీలో ఉంది. నాకైతే అదే ఎక్కువ ముద్దొచ్చింది.

లైబ్రరీ భవనంలోనే మూడో అంతస్తులో ఆయన పేరిట మ్యూజియం, 1995లో తెరిచారు. చిన్నదే, గంటన్నర చాలు. పోస్టర్లు, ఫొటోలు, పాత పద్ధతిలో కట్టిన బుల్లి థియేటర్. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బాంబర్ విమానం నడుపుతూ 20 దాడులకు వెళ్లొచ్చాడు, ఆ భాగం దగ్గర మా వాడు కాసేపు ఆగాడు. మిగతాచోట్ల "నాన్నా, ఇంకెంతసేపు?" అంటూనే ఉన్నాడు. ఆయన సినిమా ఒక్కటైనా చూడని పిల్లలకి ఇది బోరే.

నేను వెతుక్కుంటూ వెళ్లింది మాత్రం స్టూవర్ట్ వాళ్ల నాన్న హార్డ్‌వేర్ కొట్టు కోసం. 'ది ఫిలడెల్ఫియా స్టోరీ' సినిమాకి కొడుక్కి ఆస్కార్ వస్తే, ఆ పెద్దాయన దాన్ని ఊరికి తెప్పించి, మేకులూ సుత్తులూ అమ్మే కొట్టు కిటికీలో పెట్టాడు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉందట. కొట్టు ఇప్పుడు లేదు. అయినా అది ఒకప్పుడు ఉన్న ఫిలడెల్ఫియా వీధిలో నిలబడి అటూ ఇటూ చూశాను.

అలాంటి కొట్టువాడి కొడుకు కాబట్టేనేమో, లెక్కా బాగానే తెలుసు. 1950లో వచ్చిన ఒక కౌబాయ్ సినిమాకి పారితోషికం బదులు లాభంలో వాటా మాట్లాడుకున్నాడు. మన హీరోలు నైజాం హక్కులు తీసుకున్నట్టన్నమాట.

బస సంగతికొస్తే, మేం దిగిన మోటల్ పరమ చెత్త. హీటర్ రాత్రంతా గురక పెట్టింది, పొద్దున టిఫిన్ అంటే చల్లారిన వాఫిల్. గుడి క్యాంటీన్‌లో కట్టించుకున్న పులిహోరే ఆదుకుంది. మీరు వెళ్తే పిట్స్‌బర్గ్ వైపే గది తీసుకుని, పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చేయండి. వెళ్లేముందు మ్యూజియం ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.