ఎయిర్ ట్యాక్సీనా, రోప్‌వేనా: బెజవాడ కొండలకు ఏది కావాలి?

బ్రెజిల్‌లోని సావో పాలోలో డబ్బున్నవాళ్లు ట్రాఫిక్ తప్పించుకోవడానికి హెలికాప్టర్ ఎక్కుతారు, మేడల మీదే దిగుతారు. కింద రోడ్డు మాత్రం మారదు. రేపు గన్నవరం నుంచి అమరావతికి ఎయిర్ ట్యాక్సీలు తిరిగినా జరిగేది అదే. ఒక్కోదానిలో నలుగురైదుగురు ఎగిరిపోతారు, బెంజ్ సర్కిల్ దగ్గర సిటీ బస్సు అక్కడే ఉంటుంది.

కొలంబియాలోని మెడెయిన్ 2004లో పేదల కొండపేటల మీదుగా రోప్‌వే వేసి, దాన్ని మెట్రో స్టేషన్‌కు కలిపింది. గంటకు ఒక్కో వైపు సుమారు 3,000 మందిని మోయగలదు. బొలీవియాలో లా పాజ్ కూడా 2014 నుంచి పైనున్న ఎల్ ఆల్టో నగరానికి ఇలాగే కేబుల్ కార్లు నడుపుతోంది.

మన చిట్టినగర్, గుణదల, మొగల్రాజపురం కొండల మీద ఇళ్లు చూడండి. గ్యాస్ బండ భుజానికెత్తుకుని మెట్లెక్కాలి. నొప్పులొచ్చిన మనిషిని చేతుల మీద దింపాలి. ఆ టెన్షన్ కింద ఉండేవాళ్లకు తెలియదు. అందుకే నా ఓటు రోప్‌వేకే. అయితే అది పర్యాటకుల కోసం వేసేది కాకూడదు. స్టేషన్ కొండమీది ఇళ్ల మధ్యే ఉండాలి, టికెట్ సిటీ బస్సు ఛార్జీని మించకూడదు, స్తంభాల కోసం ఇల్లు పోయినవాళ్లకు ఆ దగ్గర్లోనే ఇల్లు కట్టివ్వాలి.