పాలంలో లైసాండర్ కోసం రెండుసార్లు

మంగళవారం పొద్దున్నే వెళ్లి గేటు దగ్గరి నుంచే వెనక్కి తిరిగాం. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియానికి సోమ, మంగళవారాలు సెలవు. ముందు చూసుకోకపోవడం నా తప్పే అనుకోండి, కానీ "తెరిచే ఉంటుంది సార్" అని ఎక్కించుకున్న ఆటో అతను రానూపోనూ డబ్బులు మాత్రం వదల్లేదు.

బుధవారం పదింటికల్లా మళ్లీ హాజరు. టికెట్ కొనే పని లేకపోయింది. మావాడు హ్యాంగర్‌లోకి అడుగుపెట్టగానే స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం దగ్గరికి పరిగెత్తాడు. నేను వచ్చింది మాత్రం వెస్ట్‌ల్యాండ్ లైసాండర్ కోసం. సైన్యానికి కబుర్లు చేరవేయడానికి, శత్రువు ఎక్కడున్నాడో చూసి రావడానికి చేసిన విమానం అది. మొదటిసారి ఎగిరింది 1936లో.

"నాన్నా, దీని చక్రాలు లోపలికి పోవా?" అన్నాడు వీడు. పోవు. వాటి మీది పెద్ద తొడుగుల్లోనే మెషిన్‌గన్లు, ల్యాండింగ్ లైట్లు పెట్టారు. పైలట్‌కి కింద నేల బాగా కనబడాలని రెక్కను నెత్తి మీదికి ఎత్తి, విమానానికి అతుక్కునే చోట సన్నగా చేశారు. వేగం తగ్గితే రెక్క ముందంచు పలకలు వాటంతటవే బయటికొస్తాయి. అందుకే పడిపోకుండా మెల్లగా ఎగురుతూ చిన్న పొలంలోనైనా దిగగలిగేది.

1942 ఫిబ్రవరిలో మన నంబర్ 1 స్క్వాడ్రన్ వీటితోనే బర్మా వెళ్లింది. నాయకుడు కె.కె. మజుందార్. నిఘా విమానానికే బాంబులు తగిలించి, థాయిలాండ్‌లో జపాన్‌వాళ్ల స్థావరం మే హాంగ్ సాన్ మీద వేసొచ్చాడు. దానికి డీఎఫ్‌సీ (డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్) అనే శౌర్య పతకం వచ్చింది. ఐరోపాలో కథ వేరు. 1940లో ఫ్రాన్స్ మీద పగటిపూట బ్రిటిష్ వాళ్ల లైసాండర్లు చాలా కూలాయి. తర్వాత వెన్నెల రాత్రుల్లో గూఢచారుల్ని దింపి రావడానికి వాడారు. పొలంలో మూడు టార్చిలైట్లు, విమానం పక్కన ఒక నిచ్చెన, అంతే సరంజామా! నాకైతే స్పిట్‌ఫైర్ కన్నా ఇదే ఎక్కువ ధైర్యం అనిపించింది.

పక్కనే ఉన్న వాపిటి అనే పాత విమానాన్ని వదలకండి. ప్రపంచంలో మిగిలింది అదొక్కటే. 1933లో మన వైమానిక దళం మొదటి స్క్వాడ్రన్ నాలుగు వాపిటిలతోనే మొదలైంది. మొత్తం చూడటానికి రెండున్నర గంటలు పట్టింది. కాస్త చదువుకుని వెళితే ఇంకా బాగుంటుంది.

బస దగ్గరే దెబ్బతిన్నాం. దగ్గరని మహిపాల్‌పూర్‌లో రోజుకు 1,800కి ఒక లాడ్జి తీసుకున్నాం. గీజర్‌లో చల్లటి నీళ్లు, రాత్రంతా నెత్తి మీద విమానాల మోత. అడిగితే "ఇది ఎయిర్‌పోర్ట్ ఏరియా కదా" అన్నాడు రిసెప్షన్ కుర్రాడు. మోత సరే, గీజర్ సంగతేంటి?

మధ్యాహ్నం ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి వెళ్లాం. పాలం నుంచి దూరమే, క్యూ కూడా ఉంది. కానీ వేడన్నంలో పొడి, నెయ్యి కలిపిన మొదటి ముద్దకే లాడ్జి మీద కోపం సగం పోయింది. మిగతా సగం ఆటో అతని మీద ఉంది.