పిల్లల పేగుల్లో పాలిప్‌లకు సీటీ కొలనోగ్రఫీ: ఒక స్కాన్ సెంటర్ సేవపై సమీక్ష

తొమ్మిదేళ్ల మా అబ్బాయికి నొప్పి ఏమీ లేకుండానే మలంతో పాటు ఎర్రటి రక్తం పడుతుండటంతో, డాక్టరు రాసిచ్చిన చీటీ మీద హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు స్కాన్ సెంటర్‌లో సీటీ కొలనోగ్రఫీ (పేగులోకి గాలి నింపి, సీటీ స్కాన్‌తో పెద్దపేగు లోపలి భాగాన్ని చూసే పరీక్ష) చేయించాం. సెంటర్ పేరు రాయడం లేదు. ఇదే లక్షణంతో తిరుగుతున్న తల్లిదండ్రులకు ఈ పరీక్ష ఎంతవరకు అక్కరకొస్తుందో తెలియజేయడం ముఖ్యమనిపించి రాస్తున్నాను.

స్కాన్ చేసిన తీరులో వంక పెట్టడానికి ఏమీ లేదు. ముందు రోజు విరేచనాల మందుతో పాటు, పేగులో మలం మిగిలినా చిత్రంలో తెల్లగా తేలిపోయేలా కాంట్రాస్ట్ మందు కూడా తాగించారు. మత్తు ఇవ్వలేదు. మలద్వారం గుండా సన్నటి మెత్తని గొట్టం పెట్టి, పేగు విచ్చుకునేలా గాలిని నెమ్మదిగా నింపుతూ, టెక్నీషియన్ "కడుపు ఉబ్బినట్టుంటుంది నాన్నా, నొప్పెడితే చెయ్యెత్తు, ఆపేస్తాను" అని చెప్పారు. వాడు చెయ్యెత్తగానే ఆపారు కూడా. వెల్లకిలా ఒకసారి, బోర్లా ఒకసారి స్కాన్ తీశారు. మలం ముక్క అయితే మనిషి తిరిగినప్పుడు పక్కకు జారుతుందని, పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె) అయితే గోడను అంటిపెట్టుకునే ఉంటుందని రేడియాలజిస్టు వివరించి, పెద్దపేగులో పురీషనాళానికి కాస్త ముందుండే సిగ్మాయిడ్ భాగంలో కాడకు వేలాడుతున్న పాలిప్‌ను తెర మీద చూపించారు.

నా అసంతృప్తి అంతా బుకింగ్ దగ్గరే. పాలిప్ కనబడితే దాన్ని ఈ స్కాన్‌తో తీయలేరని, ముక్క తీసి పరీక్షకు పంపడమూ కుదరదని, కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న గొట్టం పంపి చేసే పరీక్ష) ఎలాగూ తప్పదని అక్కడ ఒక్కరూ చెప్పలేదు. ఫలితంగా పిల్లవాడు మళ్లీ పస్తుండి, మళ్లీ ఆ మందు తాగవలసి వచ్చింది. ఆ తర్వాత ఒక ఆసుపత్రిలో మత్తు ఇచ్చి, కొలనోస్కోప్ గుండా తీగ ఉచ్చు వేసి పాలిప్‌ను తొలగించారు. బయాప్సీలో అది జువెనైల్ పాలిప్ అని, క్యాన్సర్ కాదని తేలింది.

పిల్లల్లో ఎక్కువగా కనబడేది ఈ రకమే; చాలావరకు పురీషనాళంలోనో, సిగ్మాయిడ్‌లోనో, ఒక్కటే ఉంటుంది. అలాంటప్పుడు చూడటం, తీయడం ఒకేసారి జరిగే కొలనోస్కోపీతోనే మొదలుపెట్టడం న్యాయం. 1994లో అమెరికా రేడియాలజిస్టు డేవిడ్ వైనింగ్ పరిచయం చేసిన ఈ సీటీ పద్ధతి ప్రధానంగా పెద్దవారి క్యాన్సర్ పరీక్షల కోసమే ఎదిగింది. అయిదారు మిల్లీమీటర్ల కన్నా చిన్న పాలిప్‌లు ఇందులో తప్పిపోవచ్చు. పైగా పిల్లల శరీరం రేడియేషన్‌కు పెద్దవారికన్నా సున్నితం. 2008లో అమెరికాలో మొదలైన ఇమేజ్ జెంట్లీ ఉద్యమం పిల్లలకు అవసరమైతేనే, తక్కువ మోతాదులోనే స్కాన్ తీయాలని చెబుతున్నది అందుకే. పెదవుల మీద నల్లటి మచ్చలుండే పూట్జ్-జెగర్స్ వ్యాధిలో పాలిప్‌లు ప్రధానంగా చిన్నపేగులో వస్తాయి కనుక, వాటికి చిన్నపేగును ఎంఆర్ఐతో చూసే ఎంఆర్ఐ ఎంటెరోగ్రఫీ గానీ, మింగే చిన్న కెమెరాతో చేసే క్యాప్సూల్ ఎండోస్కోపీ గానీ సరైన దారి.

పేగు ఇరుకుగా ఉండో, మెలికలు తిరిగి ఉండో కొలనోస్కోప్ ముందుకు వెళ్లలేకపోయిన పిల్లలకు మాత్రం, స్పెషలిస్టు సలహా మీద, ఈ సెంటర్‌కు వెళ్లమని నిస్సంకోచంగా చెబుతాను. కొలనోస్కోపీ ప్రయత్నంలో పేగు గోడను కోయవలసి రాని పక్షంలో, అదే రోజు స్కాన్ కుదురుతుందేమో ఆసుపత్రిలోనూ స్కాన్ సెంటర్‌లోనూ ముందే అడగండి. విరేచనాల మందు రెండోసారి తాగే బాధ తప్పుతుంది.