సరుకు ఓడల మనిషితో జర్మనీ సబ్‌మెరైన్ల తీరానికి

ఉత్తర జర్మనీలో రెండో ప్రపంచ యుద్ధం నాటి సబ్‌మెరైన్లు చూడాలనుకునే మన వాళ్లకు ముందే చెప్పేస్తున్నాను. మీ దగ్గర ఒక్క రోజే ఉంటే బ్రేమెన్ పక్కన ఫార్గెలో ఉన్న వాలెంటిన్ బంకర్‌కి వెళ్లండి. ప్రవేశం ఉచితం. ఇంకో రోజు ఉంటే కీల్ దగ్గర లాబో చూడండి. లాబో వైపు ఇల్లు అద్దెకు తీసుకునేవాళ్లు మాత్రం కింద రాసింది పూర్తిగా చదివాకే డబ్బు కట్టండి.

వెళ్లింది నలుగురం. నేను, మా ఆయన, విశాఖ నుంచి వచ్చిన అమ్మానాన్న. నాన్న ఉద్యోగమంతా సరుకు ఓడల ఇంజిన్ రూముల్లోనే గడిచింది. జర్మనీలో కోటలూ చర్చిలూ చూపిస్తానంటే ఆయనకు పట్టలేదు. "ఆ యు-బోట్లు ఎక్కడున్నాయో అవి చూపించమ్మా" అన్నారు. జర్మన్ సబ్‌మెరైన్లను అలాగే పిలుస్తారు. హానోఫర్ నుంచి కీల్ దాకా కారు ప్రయాణం హాయిగా సాగింది, హాంబుర్గ్ దగ్గర సొరంగం ముందు కాస్త ట్రాఫిక్ తప్ప.

ఇక ఇల్లు సంగతి. సైట్లో రాత్రికి 89 యూరోలని ఉంది. రెండు రాత్రులకు 178. తాళాలిచ్చే ముందు ఇంటాయన ఒక కాగితం చేతిలో పెట్టాడు. చివర్లో శుభ్రం చేసినందుకు 70, దుప్పట్లూ తువ్వాళ్లకు మనిషికి 18 చొప్పున 72. మొత్తం 320 అయింది. అంటే రాత్రికి 160. ఊరి పన్ను వేరే, అది న్యాయమైనదే కాబట్టి దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ఇవి చాలవన్నట్టు 200 యూరోల డిపాజిట్, అదీ నగదుగానే. రసీదు అడిగితే తర్వాత పంపిస్తానన్నాడు. చీకటి పడుతోంది, అమ్మకు నడుం నొప్పి, ఎక్కడికని వెళ్తాం? కట్టేశాం.

అసలు మనసు కష్టపెట్టింది ఖాళీ చేసిన రోజు. అమ్మ అక్కడ చేసిందల్లా అన్నం, టమాటా చారు, బంగాళాదుంప వేపుడు. పొయ్యి, సింకు, బల్ల తళతళలాడేలా తుడిచిపెట్టింది. అతను లోపలికి వచ్చి ముక్కు చిట్లించి, వంట వాసన పోలేదని 55 యూరోలు కోసుకుని 145 తిరిగిచ్చాడు. వంటిల్లు ఉందని చూపించి అద్దెకిచ్చిన ఇల్లది. వంట చేయకూడదని ఎక్కడా రాయలేదు. మా ఆయన జర్మన్‌లో గట్టిగానే మాట్లాడారు గానీ అతను ఒక్క మెట్టు దిగలేదు. అమ్మకు మాటలు అర్థం కాకపోయినా ముక్కు చిట్లించడం అర్థమైంది. కారులో ఎంతసేపటికీ నోరు విప్పలేదు. తర్వాత మెల్లగా, "పోపులో ఇంగువ వేయకుండా ఉండాల్సింది" అంది. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. జర్మనీలో సెలవు ఇల్లు తీసుకునేవాళ్లు దుప్పట్లు, శుభ్రం, డిపాజిట్ ఎంతెంతో ముందే రాతపూర్వకంగా అడగండి. నగదు ఇస్తే అక్కడికక్కడే సంతకం తీసుకోండి. వెళ్లగానే ప్రతి గదికీ వీడియో తీసి పెట్టుకోండి.

లాబోలో చూడాల్సింది సముద్రం ఒడ్డున ఇసుక మీద నిలబెట్టిన యు-995 సబ్‌మెరైన్. పక్కనే 72 మీటర్ల ఎత్తున నౌకాదళ స్మారక గోపురం ఉంటుంది. మన ఆర్కే బీచ్‌లో కురుసుర చూసినవాళ్లకు ఇది చిన్నదిగా కనిపిస్తుంది. కురుసుర 91 మీటర్లు, ఇది 67. ఇందులో యాభై మంది దాకా వారాల తరబడి ఉండేవారు. 1943లో హాంబుర్గ్‌లో తయారై, నార్వే తీరంలో ఉంటూ, రష్యాకు సరుకు తీసుకెళ్లే ఆర్కిటిక్ కాన్వాయ్‌ల మీద, అంటే కాపలాతో గుంపుగా పోయే ఓడల మీద దాడులు చేసింది. దీని చివరి కెప్టెన్ హన్స్ గేయోర్గ్ హెస్‌కు పగ్గాలు అందేటప్పటికి 21 ఏళ్లు. యుద్ధం అయ్యాక నార్వే నౌకాదళం దీన్ని కొన్నాళ్లు వాడుకుని జర్మనీకి తిరిగిచ్చింది. ఒక గది నుంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతల్లోంచి కాలు ఎత్తి దూరాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను దయచేసి లోపలికి లాక్కెళ్లకండి. అమ్మ బయట బెంచీ మీద కూర్చుని పులిహోర తింటూ సముద్రం చూసింది. ఆ పూట మాలో ప్రశాంతంగా ఉన్నది ఆవిడే.

నాన్న డీజిల్ ఇంజిన్ల దగ్గర ఆగిపోయారు. వెనక జనం నిలబడి ఉన్నా కదల్లేదు. డీజిల్‌కు గాలి కావాలి, నీటి కింద గాలి ఉండదు, అక్కడ బ్యాటరీ మోటార్లే దిక్కు. ఆ మోటార్లతో ఎంత తోలినా ఏడున్నర నాట్లే (ఓడల వేగాన్ని నాట్లలో కొలుస్తారు), అదీ కాసేపే. కాన్వాయ్‌లలో వేగంగా పోయేవి తొమ్మిది పది నాట్లు పోతాయి. అందుకే యు-బోట్లు రాత్రిపూట నీటి పైకి తేలి, డీజిల్ మీద పదిహేడు నాట్లతో కాన్వాయ్‌ను దాటి ముందుకెళ్లి కాచుకునేవి. ఒకటి కాన్వాయ్‌ను చూస్తే రేడియోలో కబురందించేది, మిగతావన్నీ తోడేళ్ల గుంపులా చేరేవి. 1943 మార్చిలో హెచ్‌ఎక్స్-229, ఎస్‌సీ-122 అనే రెండు కాన్వాయ్‌ల నుంచి ఇలాగే 22 ఓడల్ని ముంచేశాయి. నీటి పైన తేలడమే వాటికి ప్రాణాంతకమయ్యేలా చేసింది విమానాలూ, రాడారూ, ఆ రేడియో కబుర్ల ఆచూకీ పట్టే పరికరాలూ. అదే ఏడాది మేలో ఒక్క నెలలో నలభైకి పైగా యు-బోట్లు పోయాయి. వాటి అధిపతి డోనిట్జ్ కొడుకు కూడా ఆ నెలలోనే చనిపోయాడు. డోనిట్జ్ మిగిలినవాటిని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది.

ఇదంతా బయటికొచ్చాక చేపల రొట్టె తింటూ నాన్న చెప్పారు. తర్వాత ఆయన చెప్పిన మాట నన్ను వదల్లేదు. "సరుకు ఓడలో ఇంజిన్ రూమ్ నీటి మట్టానికి కింద ఉంటుందమ్మా. టార్పెడో అక్కడ తగిలిందంటే పైకి రావడానికి ఇనుప నిచ్చెనలే దారి. నా బోటివాడు పైకి రాడు." ఆనాటి బ్రిటిష్ ఓడల్లో ఆ ఇంజిన్ రూముల్లో, బొగ్గు పొయ్యిల దగ్గర వేలకు వేలు మనవాళ్లుండేవారు, లస్కర్లని పిలిచేవారు. ఇంగ్లీషు నావికుడి జీతంలో నాలుగో వంతు కూడా చాలామందికి ఉండేది కాదు. 1939లో యుద్ధం మొదలవగానే జీతాల కోసం బ్రిటన్ రేవుల్లో వాళ్లు సమ్మె చేశారు. 1940 సెప్టెంబర్ 17న యు-48 ముంచిన సిటీ ఆఫ్ బెనారస్ ఓడ అనగానే అందరూ అందులో కెనడాకు తరలిస్తున్న 90 మంది పిల్లల్ని తలుచుకుంటారు, వాళ్లలో 77 మంది చనిపోయారు. తలుచుకోవాల్సిందే. కానీ ఆ ఓడ సిబ్బందిలో చనిపోయినవాళ్లలో ఎక్కువమంది భారతీయులని మన బళ్లలో కూడా చెప్పరు.

లాబో నుంచి వస్తూ మోల్టెనోర్ట్‌లో ఆగాం. అక్కడ యు-బోట్ల మీద చనిపోయిన జర్మన్ల పేర్లు పలకల మీద పోసి ఉన్నాయి. రెండో యుద్ధానివే దాదాపు ముప్పై వేలు. యు-బోట్లలో పనిచేసిన ప్రతి నలుగురిలో ముగ్గురు తిరిగి రాలేదు. నాన్న టోపీ తీసి నిలబడ్డారు. ఆయనకు వాళ్ల మీద ద్వేషం లేదు. కారెక్కాక మాత్రం, "వీళ్ల పేర్లు ఇంత శ్రద్ధగా రాసుకున్నారు. మునిగిన ఓడల వాళ్లవి ఎక్కడుంటాయి?" అన్నారు. లండన్‌లో టవర్ హిల్ దగ్గర బ్రిటిష్ వర్తక నావికుల పేర్లు ఇరవై నాలుగు వేల దాకా ఉన్నాయని మా ఆయన చెప్పారు. మరి మనవాళ్లవి? ఆ ప్రశ్న కారులోనే ఉండిపోయింది.

బ్రేమర్‌హాఫెన్ గురించి మంచే రాయాలి. అమ్మ ముఖం అక్కడే తేటపడింది. చేపల రేవు దగ్గర ఒక చిన్న భోజనశాలలో, పంది మాంసం వేసే వేపుడు చేపను అది లేకుండా వేయించి ఇవ్వమని అడిగితే, నడిపే పెద్దావిడ వెంటనే ఒప్పుకుంది. అమ్మ సంచిలోంచి ఆవకాయ సీసా తీయబోయి ఆగిపోయింది, పొద్దున్న జరిగింది గుర్తొచ్చి. ఆ పెద్దావిడే దగ్గరికొచ్చి, వాసన బాగుంది, ఏమిటది అని అడిగి, చిన్న గిన్నె తెచ్చుకుని ఒక చెంచా వేయించుకుంది. అమ్మ రెండో చెంచా కూడా వేసింది. నలుగురికి 71 యూరోల 20 సెంట్లయింది. ఆ ఊళ్లో తిన్న చేప అంత తాజాగా మళ్లీ ఎక్కడ తింటామో తెలియదు.

అక్కడి రేవులో విల్‌హెల్మ్ బౌవర్ అనే సబ్‌మెరైన్ ఉంది. అసలు పేరు యు-2540. టైప్ 21 రకం. యుద్ధం చివర్లో సొంత సిబ్బందే ముంచేస్తే 1957లో పైకి తీశారు. విశాఖ వాళ్లు దీన్ని తప్పక చూడాలి. టైప్ 21 నీటి కింద పదిహేడు నాట్లు పోగలదు, అంటే కాన్వాయ్ కన్నా వేగం. యుద్ధం ముగిశాక రష్యన్లు ఈ నమూనా నుంచే నేర్చుకుని కొత్త సబ్‌మెరైన్లు కట్టారు. ఆ వరసలో తర్వాత వచ్చిన ఫాక్స్‌ట్రాట్ రకానిదే మన కురుసుర. లోపల నడుస్తుంటే నాన్న, "అరె, ఇది మన బీచ్‌లో ఉన్నదానికి తాతలా ఉందే" అన్నారు. లాబోలో కన్నా ఇక్కడ కాస్త విశాలంగా ఉంటుంది. చలికాలంలో మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

ఇక వాలెంటిన్. టైప్ 21లను ఆకాశం నుంచి బాంబులు తగలకుండా లోపలే బిగించి వేజర్ నదిలోకి వదలాలని 1943లో మొదలుపెట్టిన కాంక్రీటు కట్టడం ఇది. నాలుగు వందల మీటర్లకు పైగా పొడవు, కొన్నిచోట్ల ఏడు మీటర్ల మందం పైకప్పు. 56 గంటలకు ఒక సబ్‌మెరైన్ బయటికి పంపాలన్నది లెక్క. ఒక్కటీ బయటికి రాలేదు. 1945 మార్చిలో బ్రిటిష్ విమానాలు వేసిన పది టన్నుల బాంబులు పైకప్పును చీల్చాయి. ఆ కంతలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది.

దాన్ని కట్టింది వేలమంది బలవంతపు కూలీలు. రష్యన్లు, పోలిష్ వాళ్లు, ఫ్రెంచి వాళ్లు, ఇటాలియన్లు, నిర్బంధ శిబిరాల ఖైదీలు. సిమెంటు బస్తాలు, ఇనుము మోసి మోసి, తిండి లేక వెయ్యి మందికి పైగా చచ్చిపోయారు. బంకర్ చుట్టూ నడిచే దారిలో ఆగి చదువుకునే ఫలకాలున్నాయి. దేన్నీ మెత్తబరచి రాయలేదు. కట్టించినవాళ్లు ఎవరు, లాభపడ్డ కంపెనీలు ఏవి, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చూస్తూనే ఉన్నారు అన్నవన్నీ చెబుతారు. ఒక దేశం తన ఇంటి గుమ్మంలోనే తన నేరాన్ని ఇలా విప్పి పెట్టడం నాకు గొప్పగా అనిపించింది.

నాన్నను అక్కడ కట్టిపడేసింది ఐరిష్ నావికుల సంగతి. బ్రేమెన్‌కు దగ్గర్లో వెస్టర్‌టిమ్కె అనే ఊళ్లో మిలాగ్ నోర్డ్ అని వర్తక నావికుల బందీ శిబిరం ఉండేది. మునిగిన, పట్టుబడిన ఓడల సిబ్బందిని అక్కడ పెట్టేవారు. వాళ్లలో భారతీయులూ ఉన్నారు. అక్కడున్న 32 మంది ఐరిష్ నావికులు జర్మన్ల కోసం పనిచేసేది లేదని తెగేసి చెబితే, శిక్షగా వాళ్లను ఈ ఫార్గెకు తెచ్చారు. అయిదుగురు చనిపోయారు. సరుకు ఓడల మనుషుల చేత, సరుకు ఓడల్ని ముంచే సబ్‌మెరైన్ల కోసం గోడలు కట్టించారన్నమాట. ఆ విషయం తెలిశాక నాన్న మళ్లీ మొదటి ఫలకం దగ్గరికి నడిచి అన్నీ ఇంకోసారి చదివారు. మా ఆయనకు ఆకలి, అమ్మకు చలి. అయినా ఎవరూ తొందర పెట్టలేదు.

ఒక జాగ్రత్త: వాలెంటిన్ శనివారం, సోమవారం తెరవరు. వారాంతం ప్లాన్ చేసేవాళ్లు ఆదివారం పెట్టుకోండి. కారు లేకపోతే బ్రేమెన్ నుంచి ఫార్గె దాకా లోకల్ రైలుంది, అక్కడి నుంచి నడిచిపోవచ్చు. లోపల ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లకు స్వెట్టర్ తీసుకెళ్లండి.

ఇంటాయన రసీదు ఇంకా పంపలేదు. బుకింగ్ సైట్‌కు ఫోటోలతో సహా ఫిర్యాదు పెట్టాను, 55 యూరోలు వచ్చేదాకా వదలను. నాన్న ప్రశ్నకు సగం జవాబు మాత్రం ఇంటికొచ్చాక దొరికింది. సముద్రమే సమాధి అయిన అవిభక్త భారతదేశపు నావికుల పేర్లు ఆరు వేలకు పైగా ముంబై, చిట్టగాంగ్ స్మారకాల్లో నమోదై ఉన్నాయి. ముంబైలోది మస్జిద్ బందర్ దగ్గర ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో. నాన్న తన తిరుగు టికెట్‌ను ముంబై మీదుగా మార్పించుకున్నారు. 85 యూరోలు ఎక్కువ పడింది. అమ్మ కూడా ఈసారి బెంచీ మీద కూర్చోనని, లోపలికి వస్తానని అంటోంది.