మా కాంపౌండ్ గోడ బొమ్మలు: వానాకాలం దాటాక రాస్తున్న రివ్యూ

మా ఇల్లు హన్మకొండలో, రోడ్డు వైపు గోడ 40 అడుగుల పొడవు, 6 అడుగుల ఎత్తు. మొన్న ఫిబ్రవరిలో దాని మీద చేర్యాల తీరులో, అంటే చేర్యాల ఊరి బట్ట పటాల మీద వేసే తీరులో, బతుకమ్మ ఆట బొమ్మలు వేయించాం. పని అయిపోయిన రోజే ఫొటోలు పెట్టి మెచ్చుకోవచ్చు, కానీ గోడ మీద రంగు సంగతి ఒక వానాకాలం గడిస్తే గానీ తేలదు కాబట్టి ఆగాను. దసరా కూడా అయిపోయింది, ఇప్పుడు రాస్తున్నా.

ఇంత జాగ్రత్త ఎందుకంటే రెండేళ్ల కింద ఇదే గోడకు వేరే మనిషితో చెట్లు, పిట్టలు వేయించి మోసపోయాం. ఎవరో చెప్పను. మూడు రోజుల్లో ముగించి డబ్బులు తీసుకుని పోయాడు, మొదటి వానకే కింది సగం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అందుకని ఈసారి ముగ్గురు ఆర్టిస్టులను పిలిచి గోడ చూపించాను. ఇద్దరు గోడ వైపు ఒక్కసారి చూసి రేటు చెప్పారు. మూడో ఆయన మాత్రం గోడను అరచేత్తో తడుముకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచాడు, బోరు నల్లా పక్కన ఆగి గోటితో గీరితే తెల్లగా ఉప్పు రాలింది. ఒక పాలిథిన్ కవర్ కోసి అక్కడ నాలుగు వైపులా టేపుతో అంటించి, "రేపు పొద్దున చూసి చెప్తా అన్నా" అని పోయాడు. పొద్దున చూస్తే కవర్ లోపలి వైపు సన్నటి నీటి చుక్కలు. "గోడ లోపల తడి ఉన్నది, ఇప్పుడు బొమ్మలేస్తే మీ పైసలు వానల పోసినట్టే" అన్నాడు. పని ఆయనకే ఇవ్వాలని అప్పుడే అనుకున్నాను.

తర్వాత బొమ్మల మాటే లేదు, నాలుగు వారాలకు పైగా అంతా గోడ పనే. నల్లా లీకేజీ ప్లంబర్‌తో ఆపించాం, గోడకు ఆనుకుని ఎత్తుగా పోసి ఉన్న మట్టి తీయించాం, ఆయన ఇనుప బ్రష్‌తో పాత రంగూ ఉప్పూ గీకి, కడిగి, ఎండబెట్టాడు. పెచ్చు లేచిన చోట కొత్తగా సిమెంట్ చేయించాక కనీసం 28 రోజులు ఆరనివ్వాలని పట్టుబట్టాడు. నాకు తొందర, టెన్షన్, అమ్మకు ఇంకా ఎక్కువ. కానీ ఆయన కదల్లేదు. ఆరిన తర్వాత మళ్లీ ఆ పాలిథిన్ కవర్ అంటించి చూశాడు. పొడిగా ఉంది. అప్పుడే ప్రైమర్ డబ్బా మూత తీశాడు.

చేర్యాల తీరు అడిగింది అమ్మ. ఆమె చేర్యాల దగ్గరి ఊళ్లో పుట్టి పెరిగింది, అప్పట్లో అది వరంగల్ జిల్లానే, 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సిద్దిపేటలో కలిసింది. వాళ్లది పద్మశాలీల వాడ, చిన్నప్పుడు కూనపులి వాళ్లు వచ్చి పటం విప్పి మార్కండేయ పురాణం చెప్తుంటే రాత్రంతా కూర్చుని చూసేదట. ఎర్రటి నేల (బొమ్మల వెనక రంగు) మీద వరస వరసగా బొమ్మలు, పటం కిందికి జారుతుంటే కథ ముందుకు పోయేది. మా ఆర్టిస్టు ఇదంతా విని ఒక మాట ముందే చెప్పాడు: "నేను ఆ పటాలు వేసే నకాషీ వాళ్లింట్ల పుట్టలేదమ్మా, చూసి నేర్చుకున్నా. అసలు పటం కావాలంటే చేర్యాలకే పోయి కొనుక్కోండి, నేను వేసేది ఆ తీరు బొమ్మ మాత్రమే." అక్కడ బట్ట మీద చింతగింజల గంజి, సుద్ద పూసి ఆరబెట్టి వేస్తారనీ, ఎండకూ వానకూ ఉండే గోడకు అది పనికిరాదనీ, అక్రిలిక్ ఎక్స్‌టీరియర్ రంగులే వాడతాననీ విడమరిచి చెప్పాడు. ఇంత ఉన్నదున్నట్టు మాట్లాడే మనిషి ఈ పనిలో నాకు ఇంకా తగలలేదు.

ఇక ఆయన రోజు ఎలా గడుస్తుందో పక్కనుండి చూశాను కాబట్టి రాస్తున్నా. పొద్దున ఆరున్నరకే మోపెడ్ మీద బకెట్లు వేలాడేసుకుని వచ్చేవాడు. మా గోడది పడమటి ముఖం, మధ్యాహ్నం దాటితే ఎండ సూటిగా పడుతుంది. వేడెక్కిన గోడ మీద రంగు బ్రష్ నడవకముందే ఆరిపోయి మచ్చలు పడుతుందని పన్నెండున్నరకు బ్రష్‌లు కడిగేసేవాడు. ఒకరోజు రాత్రి లైటు పెట్టి చేద్దామని చూస్తే దోమలు, చిన్న పురుగులు తడి రంగుకు అంటుకున్నాయి. తెల్లారి వాటిని ఒక్కొక్కటీ సూదితో తీసి మళ్లీ దిద్దాడు, ఇక రాత్రి పని పెట్టుకోలేదు. సాయంత్రాలు వేరే చోట్ల స్కూలు గోడలు, గుడి రంగులు చేసుకునేవాడట. వయసులో ఉన్నప్పుడు దుకాణాల బోర్డులు రాసేవాడు, ఎన్నికలొస్తే గోడల మీద పార్టీ గుర్తులు వేసేవాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని చాలావరకు పోయింది. ఈ సంగతులు చెప్పేటప్పుడు గొంతులో ఏడుపేమీ లేదు, చేయి మాత్రం ఆగేది కాదు.

ముందు నీలం పొడి అద్దిన దారం ఇద్దరు పట్టుకుని గోడకు బిగించి మధ్యలో లాగి వదిలితే సన్నటి గీత పడేది. అలా గోడంతా అడుగు అడుగు గళ్లు వేసి, కాగితం మీది చిన్న బొమ్మను గడి గడికీ పెంచాడు. కింద 9 అంగుళాలు బొమ్మ లేకుండా ముదురు గోధుమ పట్టీ వదిలాడు, వాన చినుకులకు బురద చిమ్మేది అక్కడే కాబట్టి. చివరి నల్ల గీతలు గీసేటప్పుడు చూడాలి. గోనెసంచి మడత మీద మోకాళ్లు ఆనించి, ఒక కర్ర గోడకు ఆనించి దాని మీద మణికట్టు పెట్టి, సన్న బ్రష్‌తో ఆడమనిషి చేతి గాజుల దగ్గర నుంచి వేళ్ల కొసల దాకా ఒక్క గీతలో తెచ్చాడు. గీత పూర్తయ్యేదాకా ఊపిరి తీసుకోలేదు, నేనూ తీసుకోలేదు.

బతుకమ్మ పూల వరసలు మొదట తప్పు వేశాడు. అమ్మ చూసి, "అట్ల కాదు తమ్మీ, కింద తంగేడు రావాలె, పైన గుమ్మడి పువ్వు పెట్టాలె" అంది. ఒక్క మాట అనకుండా ఆ బతుకమ్మ మీద తెలుపు కొట్టి, ఆరాక మళ్లీ వేశాడు. దానికి అదనంగా డబ్బు అడగలేదు.

లెక్క చెప్తాను, అడిగేవాళ్లుంటారు. బొమ్మల కూలి చదరపు అడుగుకు 110 రూపాయలు, 240 అడుగులకు 26,400. గోడ సిద్ధం చేసిన ఆరు రోజులకు రోజుకూలి వేరు. రంగులు, ప్రైమర్ మేమే కొన్నాం, దాదాపు 8,000 అయింది. గోడ పని కూలి చూసి మా ఇంట్లో కొంచెం గొణిగారు. నాకైతే ఈ మొత్తంలో ఎక్కువ విలువైనది ఆ ఆరు రోజులే అనిపిస్తుంది, ఎందుకంటే ఈ వానాకాలం ఇక్కడ గట్టిగా కురిసిన రోజుల్లో కూడా ఒక్క పెచ్చు లేవలేదు. ఉప్పు ఎక్కడా పైకి రాలేదు.

బాగాలేనివి కూడా చెప్పాలి. తొమ్మిది రోజుల్లో అవుతుందన్న బొమ్మ పని పద్నాలుగు రోజులైంది, మధ్యలో రెండు రోజులు రాలేదు, ఫోన్ ఎత్తలేదు. వేరే చోట పని ఒప్పుకున్నానని ముందే చెప్తే మాకు ఇబ్బంది ఉండేది కాదు, ఆ మాట ఆయనతోనే అన్నాను. పని జరిగినన్ని రోజులు గేటు దగ్గర రంగు నీళ్లు పారబోయడం అమ్మకు నచ్చలేదు.

ఎరుపు సంగతి వేరు. నేల రంగుకు జాజు (ఎర్రమన్ను రంగు) వాడదాం, మెరిసే ఎరుపు పడమటి ఎండకు ఆగదని ఆయన అన్నాడు. నేను గేటు పక్కన పది అడుగుల వరకు మెరిసే ఎరుపే కావాలని పట్టుబట్టాను. ఎనిమిది నెలలకే అది వెలిసి గులాబీ వైపు తిరిగింది, పక్కనే ఉన్న జాజు ఎరుపు మాత్రం వేసిన రోజు లాగే ఉంది. మీరెవరైనా పడమటి గోడ మీద వేయించుకుంటే ఈ విషయంలో ఆర్టిస్టు మాట వినండి.

పోతూ పోతూ కలిపిన రంగులు మిగిలినవి ఏడు చిన్న డబ్బాల్లో పోసి, ఏది దేనిదో మూతల మీద రాసి ఇచ్చి పోయాడు. సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లు పద్మాక్షి గుట్టకు పోతూ మా గోడ ముందు ఆగి ఫొటోలు దిగారు. అమ్మ గేటు దగ్గర కుర్చీ వేసుకుని, తంగేడు వరస తనే సరిచేయించానని వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. సంక్రాంతి తర్వాత ఆయన మళ్లీ వస్తున్నాడు, గేటు పక్క పది అడుగులు జాజుతో మార్చడానికి. రేటు అదే, ఈసారి తేదీ మాత్రం కాగితం మీద రాయించుకున్నాను.