విల్లు టిల్లరింగ్‌కి ఏది మేలు: రందానా, రాస్పా, స్క్రేపరా?

విల్లు ఆకారం గీసి కోసేయడం సులువే. పిడికి పైనా కిందా ఉన్న రెండు లింబులూ ఒకే తీరుగా వంగేదాకా కొద్దికొద్దిగా చెక్క తీస్తూ పోవడమే అసలు పని. దాన్నే టిల్లరింగ్ అంటారు. దీనికోసం సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో ఏం కొనాలా అని చూసేవాళ్లకి నా మాట ముందే చెప్పేస్తాను. చెక్క తీసే పనిముట్టుకి తక్కువ ఖర్చు పెట్టండి, వంపుని కంటికి చూపించే ఏర్పాటు మాత్రం బాగా చేసుకోండి.

ఎందుకంటే లింబ్ వెడల్పు పదో వంతు తగ్గితే దాని బిగువు కూడా పదో వంతే తగ్గుతుంది. మందం సంగతి వేరు. 12 మిల్లీమీటర్లున్న చోట ఒక్క మిల్లీమీటరు తీస్తే బిగువు దాదాపు 23 శాతం పడిపోతుంది. తీసిన చెక్కని మళ్లీ అతికించలేం. కాబట్టి పనిముట్టుకి ఎంత వేగం ఉందన్నది కాదు, ఒక్క లాగుడుకి ఎంత తక్కువ తీయగలదన్నది చూడాలి.

ఆ లెక్కన రెండు పిడుల కత్తి మొదట్లోనే పనికొస్తుంది. చెక్కని ఒళ్లోకి లాక్కుంటూ పెచ్చులు పెచ్చులుగా తీసేస్తుంది. కానీ చెక్కలోని పోగు అడ్డం తిరిగిన చోట కత్తి లోపలికి దిగి పెద్ద పెచ్చు ఊడదీస్తుంది. అలవాటైన చేతులకి తప్ప టిల్లరింగ్‌లో దీన్ని నేను సిఫార్సు చేయను. రెండు చేతులతో పట్టే చిన్న రందా అంతకంటే మెరుగు, పొర పలచగా వస్తుంది. ముడి దగ్గర, వెదురు కణుపు దగ్గర మాత్రం అదీ తడబడుతుంది. బెల్ట్ సాండర్ వద్దే వద్దు. రెండు క్షణాలు ఒకేచోట ఆగితే అక్కడ పల్లం పడుతుంది. అపార్ట్‌మెంట్లో ఆ చప్పుడూ దుమ్మూ వేరే తలనొప్పి.

నా ఓటు రాస్ప్‌కి, అంటే ముతక పళ్లుండే ఆకురాయికి. ఒకవైపు చదునుగా, ఇంకోవైపు గుండ్రంగా ఉండేది తీసుకోండి. పోగు ఎటు తిరిగినా దానికి లెక్కలేదు, పెచ్చు లేవదు. దాని గీతలు లోతుగా పడతాయి కాబట్టి నారిని లాగాల్సిన దూరంలో సగం దాకా విల్లు వంగేసరికి దాన్ని పక్కన పెట్టేయాలి. అక్కడి నుంచి స్క్రేపరే, అంటే అంచుతో చెక్కని గీకే ఉక్కు రేకు. కొనకపోయినా ఫర్వాలేదు. పదును గల చాకుని నిట్టనిలువుగా పట్టుకుని గీకినా పని జరుగుతుంది. స్క్రేపర్ రేకు ఉంటే అంచుని ఆకురాయితో చదును చేసి, స్క్రూడ్రైవర్ కాడతో గట్టిగా రుద్దితే సన్నని కొక్కెంలాంటి అంచు లేస్తుంది. చెక్కని కోసేది అదే. పొడి రాలుతోందంటే ఆ అంచు పోయినట్టే, మళ్లీ రుద్దాలి. పలచని చుట్టలు రావాలి. ఉపరితలం అలలు అలలుగా వస్తుంటే రేకుని కాస్త ఏటవాలుగా తిప్పి గీకండి.

ఏ పనిముట్టయినా, విల్లు లాగేటప్పుడు మీ వైపుండే ముఖం మీదే ఆడాలి. అవతలి ముఖం లాగుడు భరించేది. అక్కడ పోగు తెగితే విల్లు విరిగేది అక్కడి నుంచే. వెదురైతే పచ్చటి పైతోలు వైపు ముట్టుకోకండి.

ఇక వంపు చూడటం. గాట్లు పెట్టిన టిల్లరింగ్ కర్ర చవక, చిన్న గదిలోనూ ఇమిడిపోతుంది. కానీ నారిని గాటులో తగిలించి, దూరం జరిగి చూసేంతసేపూ విల్లు వంగే ఉంటుంది. ఇంకా పూర్తిగా సరిచేయని చెక్కకి అది మంచిది కాదు, శాశ్వతంగా వంగిపోతుంది. పైగా అది కదులుతూ వంగడం మీకు కనబడదు. లాగుతున్నప్పుడే ఏ చోటు బిగుసుకుని ఉందో, ఏ చోటు ముందే లొంగుతోందో తెలుస్తుంది.

అందుకే కప్పీ కట్టుకోండి. పొడవాటి దుంగకి పైన విల్లు కూర్చునే గాడి, కింద కప్పీ, మధ్యలో వేలాడే త్రాసు. నారికీ తాడుకీ నడుమ త్రాసు ఉంటే ఎంత బరువుకి ఎంత వంగిందో కనిపిస్తుంది. తాడు కొస పట్టుకుని ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడొచ్చు. విరిగినా ముక్కలు మొహం మీదికి వచ్చే అవకాశం తక్కువ. అద్దె ఇంట్లో గోడకి రంధ్రాలు వేయనివ్వకపోయినా ఇబ్బంది లేదు. కిందికి లాగే బలం దుంగే భరిస్తుంది, తాడు పక్కకి లాగకుండా దుంగ కింది కొసని దేనికైనా గట్టిగా కట్టేస్తే చాలు. వెనకాల చార్టు పేపరు మీద గళ్లు గీసి అంటించి, ఫోన్‌తో ఫొటో తీసి రెండు లింబులూ పోల్చుకోండి.

గీకిన ప్రతిసారీ విల్లుని కొంచెం దూరం ఇరవై ముప్పై సార్లు లాగి వదిలాకే మళ్లీ కొలవండి. తీసిన చెక్క ప్రభావం అప్పుడే బయటపడుతుంది. ఎక్కువ వంగే చోటుని వదిలేసి, దాని పక్కన బిగుసుకున్న చోటే గీకాలి. మీకు 35 పౌండ్ల విల్లు, అంటే పూర్తిగా లాగడానికి 35 పౌండ్ల బలం పట్టేది కావాలంటే, పూర్తి దూరం రాకముందే త్రాసు 35 చూపిస్తే అక్కడే ఆపి గీకండి, ఆ బరువు దాటి ఒక్కసారి కూడా లాగకండి. వర్షాకాలంలో చెక్క తేమ పీల్చి మెత్తబడుతుంది కాబట్టి, చివరి కొలతలు నాలుగు రోజులు ఎండ కాసి గాలి పొడిబారాక తీసుకోవడం మంచిది.