తాతకు తండ్రి ఎవరు? బడి రిజిస్టరు, పహాణీ, నోటి మాట: ఏది మేలు?

మా తాతకు తండ్రి ఎవరన్నది మా ఇంట్లో ఏళ్ల తరబడి నలిగిన తగవు. తండ్రి అనదగినవారు అన్నదమ్ములిద్దరు, పెద్దాయన, చిన్నాయన. చిన్నాయన వయసులో ఉండగానే పోయాడు. పిల్లవాణ్ణి, అంటే మా తాతను, సాకింది పెద్దాయన. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఉత్తగా సాకాడా, దత్తత చేసుకున్నాడా, అసలు ఆయన కన్నబిడ్డేనా అన్న దగ్గరే మాట తెగేది కాదు. ఇల్లరికం వచ్చిన మనిషైతే ఇంటిపేరే పట్టిస్తుంది. ఇక్కడ ఇంటిపేరూ ఒకటే, గోత్రమూ ఒకటే. వై క్రోమోజోము పరీక్ష చేయించమని కొందరు సలహా ఇచ్చారు. అన్నదమ్ముల మగ సంతతిలో అది ఒకే తీరుగా దిగుతుంది కాబట్టి మా తగవును అది తీర్చలేదు. కాగితాలే దిక్కయ్యాయి.

మొదట దొరికింది బడి ప్రవేశాల రిజిస్టరు. దేవరకొండ వైపు మా ఊరి బడిలో తాత పేరు పక్కన, తండ్రి గడిలో, పెద్దాయన పేరే స్పష్టంగా ఉంది. మా మేనత్త అది చూసి, "ఇంకేం కావాలి నాయనా, తేలిపోయింది" అంది. నాకు తేలలేదు. ఆ కాలంలో కుడి చేతిని తలమీదుగా తిప్పి ఎడమ చెవి అందితే బడిలో చేర్చుకునేవారు. పుట్టిన తేదీ పంతులుగారి అంచనా. తండ్రి పేరు కూడా చాలాసార్లు చెయ్యి పట్టుకుని తీసుకువచ్చిన పెద్దమనిషి పేరే. తప్పు రాసినా నష్టపోయేవాడు లేడు, అడ్డం చెప్పేవాడూ లేడు. పిల్లవాడు ఎవరింట్లో పెరిగాడో చెప్పడానికి బడి రిజిస్టరును మించిన సాక్ష్యం లేదు. ఎవరికి పుట్టాడో చెప్పడానికి మాత్రం అది చాలదు.

భూమి కాగితం అలాంటిది కాదు. అందులో ఒక పేరు పడిందంటే ఇంకొకరి వాటా తగ్గినట్టే. కాబట్టి పాలివాళ్లు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తారు. మన తెలంగాణ వైపు అందరూ ముందుగా అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఏ పొలం ఎవరి పేరిట, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు. తర్వాత 1955-58 సేసాలా (మూడేళ్ల) పహాణీ. పాత కాగితాల మీద ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం ఉంటే 590 కలపాలి. 1364 ఫసలీ అంటే 1954-55. చాలా ఊళ్లలో ఇవి ఉర్దూలోనే ఉన్నాయి. పేరు తర్వాత "వలద్" అని ఉంటే ఫలానా వారి కొడుకు, "జౌజె" అని ఉంటే ఫలానా వారి భార్య, "నాబాలిగ్" అంటే ఇంకా మైనరు, "ముతబన్నా" అంటే దత్తపుత్రుడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఉర్దూ లిపిలో తెలుగు పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఎల్లయ్యా ఐలయ్యా ఒకేలా కనబడతారు, ఎందుకంటే ఎ, ఐ రెండింటికీ మొదట వచ్చే అక్షరాలు అవే. పైగా తాత పేరు మనవడికి పెట్టే అలవాటు మనది. ఒకే పేరు మూడు తరాల్లో రెండుసార్లు వస్తుంది. పేరు ఒక్కటే చూసి ముందుకు పోతే తాతా మనవడూ ఒక మనిషైపోతారు. సర్వే నంబరు, "వలద్" తర్వాతి పేరు, ఫసలీ, ఈ మూడూ కుదిరితేనే మనిషి కుదిరినట్టు.

అయినా పహాణీ ఒక్కటే చేతిలో పెట్టుకుని తీర్పు చెప్పకూడదు. పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు అన్నదే అది ప్రధానంగా చెబుతుంది. తండ్రి ఎవరో తేల్చే అసలు కాగితం విరాసత్, అంటే పట్టాదారు పోయాక వారసుల పేరిట మార్పిడి చేసిన ఫైలు. అదీ ఒకటి కాదు, రెండు కావాలి. అన్నది ఒకటి, తమ్ముడిది ఒకటి. కన్నతండ్రి బతికుండగానే దత్తత వెళ్లిన కొడుకు ఆయన వారసుల్లో కనబడడు, పెంచిన తండ్రి వారసుల్లో కనబడతాడు. ఉత్తగా సాకిన పిల్లవాడైతే దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. మా వాళ్లు పెద్దాయన విరాసత్ ఒక్కటే తీసి, అందులో తాత పేరు లేదని వాదించేవారు. అది చాలదు. వాటా వదులుకున్నవాడి పేరు కూడా పడకపోవచ్చు.

నకళ్ల కోసం తిరిగి తిరిగి చిన్నాయన విరాసత్ సంపాదించాను. అంచులు పొడిపొడిగా రాలుతున్న ఆ కాగితాన్ని ఉర్దూ వచ్చిన ఒక ముసలాయన వేలు ఆనించకుండా చదివారు. మొదట మా ముత్తవ్వ పేరు, జౌజె చిన్నాయన. దాని కింద తాత పేరు, నాబాలిగ్, వలద్ చిన్నాయన. ఆ మాట రెండోసారి చదివించుకున్నాను. గొంతులో ఏదో అడ్డం పడింది.

భూమి ఉన్న ఇళ్లకు కాబట్టి ఈ దారి ఉంది. పాలమూరు నుంచి తట్టా బుట్టా సర్దుకుని మట్టి పనికి వలస పోయినవాళ్లకు పహాణీలో గడి ఎక్కడిది? కౌలు చేసినవారైతే 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితాలో వెతకాలి. అదీ లేనివారికి నోటి మాటే ఆధారం. రెడ్లకు, కాపులకు గోత్రాలు చెప్పే పిచ్చకుంట్లవారు, మాదిగలకు డక్కలివారు, ఇలా కులానికొక కథకులు ఉన్నారు. వారి మాటను నేను తక్కువ చేయను. మూల పురుషుడినీ, ఇంటిపేరు వచ్చిన వైనాన్నీ వారిని అడిగి రాసుకోవాలి. అయితే ఇద్దరు అన్నదమ్ముల్లో ఎవరి బిడ్డ అన్న సన్నని ప్రశ్నకు వారికంటే, తలకొరివి ఎవరు పెట్టారో కళ్లారా చూసిన ఊరి ముసలమ్మ మాట మేలు.

మా వంశవృక్షంలో తాత పేరు ఇప్పుడు చిన్నాయన కింద ఉంది. పెద్దాయన నుంచి కూడా తాత దాకా చుక్కల గీత ఒకటి గీసి, పక్కన "సాకినవాడు" అని రాశాను. బడి రిజిస్టరు నకలునూ అక్కడే అంటించాను.